పాలిష్ బియ్యం, పాలిష్ బండి

మా నాన్న ఆదివారం బండి తోమాడంటే సోమవారం ఇంట్లో బట్టల దగ్గర పంచాయితీ తప్పేది కాదు. "బనియన్లకి ఇంత నీలిమందు ఎందుకు పెట్టావే?" అని మామ్మ అడిగేది. "నేను పెట్టలేదత్తయ్యా, మీ అబ్బాయే పెట్టారు" అని అమ్మ.

అమ్మ మాటలో అబద్ధం లేదు. మాకో అంబాసిడర్ ఉండేది. ముదురు నీలం. 1987లోనో 88లోనో నాన్న దాన్ని సెకండ్ హ్యాండులో కొని తెనాలి స్టేషన్ దగ్గర కిరాయికి తిప్పేవాడు. టాక్సీ పర్మిట్ లేకుండా, సొంత బండి రిజిస్ట్రేషన్ మీదే. అదో తప్పని అప్పట్లో మా వీధిలో ఎవరూ అనుకోలేదు. చిరిగిపోయిన బనియన్లు, పాత పంచె ముక్కలు బండి గుడ్డలయ్యేవి. పొద్దున తెల్లగా వెళ్ళిన గుడ్డ మధ్యాహ్నానికి నీలంగా తిరిగొచ్చేది. ఆ గుడ్డ పట్టుకుని నాన్న మురిసిపోయేవాడు. "చూశావురా, ఎంత మురికి పట్టిందో!"

అది మురికి కాదు, పెయింటు. వారం వారం ఇంత చొప్పున బండి రంగును చేతులారా ఊడదీసి, పిండి, దండెం మీద ఆరేసేవాళ్ళం. ఈ సంగతి నాకు తెలిసేసరికి బండీ లేదు, దాని మీద రంగూ లేదు.

పాత రోజుల కారు వ్యాక్సుల మాటెత్తగానే మా వయసువాళ్ళ గొంతులోకి ఓ మెత్తదనం వచ్చేస్తుంది. ఆ డబ్బాలు, ఆ వాసన, ఆ ఓపిక ఇప్పుడేవీ అంటారు. నాకూ ఆ వాసన ఇష్టమే. కానీ ఆ డబ్బాలతో మనం చేసిన పనిలో సగం బండికి చెరుపే. పోనీ ఇప్పుడు వేలకు వేలు పోసి చేయిస్తున్నది వేరే పనా అంటే, అదీ కాదు. అదే అరగదీత. గుడ్డకి రంగు అంటడం మాత్రం మానేసింది.

మా ఇంట్లో రెండు డబ్బాలుండేవి. ఒకదాంట్లో ఇసుక కలిసినట్టు గరగరలాడే రబ్బింగ్ కాంపౌండ్. రెండోది వ్యాక్సు. దాని మూత స్క్రూడ్రైవర్ కొనతో లేపగానే టర్పెంటైన్ వాసన గుప్పున వచ్చేది. నాన్న రెండింటినీ పాలిష్ అనే పిలిచేవాడు. మొదటిది గట్టి పాలిష్, రెండోది మెత్త పాలిష్. స్టాండులో డ్రైవర్లూ అంతే, ఎదురుగా ఉన్న టింకరింగ్ షెడ్డువాళ్ళూ అంతే. గొడవంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పాలిష్ అంటే ఏమిటో నిజానికి మనకి బాగా తెలుసు. బియ్యం మిల్లులో పాలిష్ పట్టారంటే గింజ మీదున్న తవుడు పొర తీసేశారని అర్థం. గింజ మల్లెపువ్వులా మెరుస్తుంది, తవుడు సంచిలోకి పోతుంది. పాలిష్ పట్టి బియ్యానికి ఏదో కలిపారని మన ఊళ్ళల్లో ఎవరూ అనుకోరు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాలిష్ చేయించామంటే బండికేదో పెట్టించామనుకుంటాం. కాంపౌండ్ తీసేది. వ్యాక్సు పూసేది. ఒకటి క్షవరం, ఇంకోటి తలకి నూనె. రెండూ మంగలి షాపులోనే దొరకొచ్చు గానీ ఆదివారం ఆదివారం గుండు చేయించుకునేవాణ్ణి జుట్టు బాగా చూసుకుంటున్నాడని ఎవరంటారు?

నాన్నని అనడానికి లేదు. ఆ రోజుల బండి రంగు స్వభావమే అలాంటిది. రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. ఎండకి పై పొర చచ్చి సున్నంలా అయ్యేది. వేలితో రాస్తే వేలికి అంటేది. ఎర్ర మారుతి 800లు నాలుగైదేళ్ళకి గులాబీ రంగుకి తిరగడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చచ్చిన పొరని కాంపౌండుతో తీసేస్తే కింద కొత్త రంగు బయటపడేది. పనిచేసే వైద్యమే అది. ఏడాదికోసారి చేయాల్సిన వైద్యాన్ని మేం ప్రతి వారం చేశాం, పెళ్ళిళ్ళ సీజన్లో అయితే వారానికి రెండుసార్లు.

మాఘమాసం వస్తే నాన్నకి బండే లోకం. పెళ్ళికొడుకుని ఎక్కించుకునే బండి మసకగా ఉంటే బేరం పోతుంది. తెల్లారి అయిదింటికే లేచి, బకెట్ నీళ్ళలో బట్టల పౌడరు గుప్పెడు పోసి కడిగేవాడు. పెళ్ళిపూల దండలు కట్టిన చోట తాళ్ళ గీతలు, టేపు జిగురు ఉండేవి. వాటికి కిరసనాయిలు. తర్వాత గట్టి పాలిష్, ఆపైన మెత్త పాలిష్ మందంగా, అట్టు మీద వెన్న రాసినట్టు. అది ఆరి బానెట్ అంతా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లబడేది. ఆ తెలుపు మీద వేలితో నా పేరు రాసుకునేవాణ్ణి. తుడవడం నా వంతు. అంత మందంగా పూసింది వదలక మోచేతులు పడిపోయేవి. చివరికి మా పెరటి కొబ్బరిచెట్టు బానెట్‌లో తలకిందులుగా కనబడితే పని అయినట్టు.

ఇందులో తప్పులు లెక్కపెడితే నవ్వొస్తుంది. బట్టల పౌడరు, కిరసనాయిలు కిందటి వారం వేసిన వ్యాక్సుని శుభ్రంగా ఊడదీసేవి. అంటే ఆదివారం పూసింది బుధవారం మేమే కడిగేసేవాళ్ళం. మందంగా పూయడం వల్లా ఒరిగేది లేదు. పెయింటుని పట్టుకుని నిలిచేది కంటికి కనబడనంత పల్చటి పొర, మిగతాదంతా గుడ్డ పాలు. పల్చగా రాసి, వేలితో ఒక గీత గీసి, అక్కడ మరక లేకుండా పొడిగా వస్తే తుడిచేయాలి. డబ్బా వెనకాల ఈ మాట ఇంగ్లీషులో రాసే ఉండేది. చదివేదెవరు?

ఇక ఆ వ్యాక్సు. మంచి వ్యాక్సుల్లో పడేది కర్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో, సియారా, పియావీ రాష్ట్రాల వైపు పెరిగే ఒక తాటిజాతి చెట్టు నుంచి వస్తుంది. అక్కడ కరువు ఎక్కువ. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకి తానే మైనం పూసుకుంటుంది. పొడవాటి కర్రకి కొడవలి కట్టి ఆకులు కోస్తారు, ఎండబెడతారు, కొట్టి రాలుస్తారు. పొడి రాలుతుంది, దాన్ని కరిగించి గడ్డకట్టిస్తారు. తేనెపట్టు మైనం 62, 64 డిగ్రీల దగ్గర కరిగిపోతే ఇది 82 దాటితే గానీ కరగదు. మన రోహిణికార్తె ఎండలో నల్ల బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది కాబట్టి ఆ తేడా మనకి చిన్నది కాదు. స్వచ్ఛమైన కర్నౌబా రాయిలా ఉంటుంది, గుడ్డతో రాయలేం. అందుకే నూనెలూ టర్పెంటైన్ లాంటి ద్రావకాలూ మెత్తటి మైనాలూ కలిపి పేస్టు చేస్తారు. "100 శాతం కర్నౌబా" అని రాసున్న డబ్బాలో వేలు సులువుగా దిగిందంటే ఆ వంద దేని మీద వందో అడగాల్సిందే. ఈ మైనాన్నే కొన్ని చాక్లెట్ బిళ్ళల మెరుపుకీ వాడతారు. ప్యాకెట్ వెనక 903 అనే అంకె ఉంటే అదే ఇది. మీ పిల్లలు తింటున్నదీ మీ బండికి పూస్తున్నదీ ఒకే చెట్టు నుంచి రావచ్చు.

ఈ అరగదీత అలవాటు అసలెక్కడ మొదలైందా అని వెతికితే మన వడ్రంగి నోటిదాకా వచ్చింది. కప్‌బోర్డులు చేయిస్తుంటే "డూకో వేయమంటారా, లామినేటా?" అని అడుగుతాడే, ఆ డూకో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల మొదట్లో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ పెయింటు పేరు. అంతకుముందు కారుకి బ్రష్షుతో పూత మీద పూత వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. కార్లు చకచకా తయారై, రంగు ఆరక షెడ్డుల్లో పడి ఉండేవి. డూకో గంటల్లో ఆరిపోయింది. జనరల్ మోటార్స్ వాళ్ళ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలం రంగులో వేశారు. (అదీ నీలమే, మా బండి చుట్టమన్నమాట.) చిక్కల్లా ఒకటే. ఆ పెయింటు స్ప్రే గన్నులోంచి మసకగా వచ్చేది, రుద్దితేనే మెరిసేది. అంటే బండి కొన్న రోజునే దాని మెరుపు అరగదీతలోంచి పుట్టింది. మెరవాలంటే రుద్దాలి అన్నది అప్పట్నుంచి బండ్లున్న వాళ్ళందరికీ వేదవాక్కు అయిపోయింది.

ఆ నమ్మకాన్ని బాగా సొమ్ము చేసుకున్నవాళ్ళలో షికాగోకి చెందిన బెన్ హిర్ష్ ఒకడు. తర్వాత టర్టిల్ వ్యాక్స్ అన్న కారు పాలిష్ అయిన సరుకు ఆయనదే. మొదట్లో ఇంట్లో స్నానాల తొట్టిలోనే కలిపేవాడట. ఆ కంపెనీ వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. బేస్‌బాల్ ఆట జరిగే మైదానం బయట ఆగి ఉన్న కార్లకి ఒక్కొక్క ఫెండరు (చక్రం మీది రేకు) మాత్రం మెరిపించి, ఆట అయిపోయి యజమానులు వచ్చేదాకా కాచుకుని ఉండేవాడట. మిగతా బండంతా మసక, ఒక్క మూల అద్దం. ఇంక కొనక ఏం చేస్తారు? దీనంత తెలివైన అమ్మకం నేనింకోటి వినలేదు. ఇప్పుడు మాల్ పార్కింగులో బానెట్ మీద సగానికి టేపు వేసి, ఒక పక్క మెరిపించి చూపిస్తారే, వాళ్ళందరికీ హిర్ష్ తాతగారి వరస.

మనకి తొంభైల్లో బండ్ల రంగు మారింది. మెటాలిక్ రంగులతో పాటు రంగు పొర మీద రంగులేని క్లియర్ కోట్ వచ్చింది. మెరుపు, ఎండ దెబ్బ కాచుకోవడం దాని పని. రంగు దాని కింద భద్రం. మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ మైక్రాన్ల సంగతి మనకి కూరగాయల బజారు నేర్పింది. 50 మైక్రాన్లకన్నా పల్చటి క్యారీబ్యాగులు వాడరాదని 2016 తర్వాత కొట్టు కొట్టుకీ బోర్డులు పెట్టారుగా. ఆ సంచి ఎంత పల్చనో చేతికి తెలుసు. లక్షలు పోసి కొన్న బండిని ఎండనుంచి కాసేది అంత పొరే.

అది పల్చబడుతూ ఉంటే మనకి ఎలా తెలుస్తుంది? తెలియదు. గుడ్డకి నీలం అంటదు. పాత రంగులోని నిజాయితీ అదొక్కటే, తీసింది తీసినట్టు గుడ్డ మీద చూపించేది. క్లియర్ కోట్ తెల్లటి పిండిగా పోతుంది, కాంపౌండు పిండిలో కలిసిపోతుంది.

మియాపూర్‌లో మా అపార్టుమెంటు సెల్లార్ సంగతి చెప్తాను. పొద్దున్నే ఒక కుర్రాడు వస్తాడు. ఒక బకెట్, ఒక గుడ్డ, ఇరవై రెండు కార్లు. నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్ళు టీ రంగులో ఉంటాయి. అంతకుముందు తుడిచిన కార్ల మట్టంతా ఆ గుడ్డలో ఉంటుంది. దాంతో నా బానెట్ మీద సున్నాలు చుడతాడు. రోజూ. నెలకింతని మేమే ఇస్తాం. వాణ్ణి తిట్టి లాభం లేదు, ఇరవై రెండు కార్లకి నీళ్ళు మార్చుకుంటూ కూర్చుంటే వాడికి మధ్యాహ్నం అవుతుంది, వాచ్‌మన్ నీళ్ళివ్వడు. ఆర్నెల్లకి ఎండలో చూస్తే బండి మీద సాలెగూడు గీతలు. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు కౌంటర్లో అమ్మాయి "సర్, స్క్రాచెస్ ఉన్నాయి, రబ్బింగ్ అండ్ పాలిషింగ్ చేద్దామా?" అంటుంది. ఊఁ అంటాం. గీతలు పోవాలంటే గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పొరంతా తీయాలి. గీతలు పెట్టడానికి ఒకరికి జీతం, గీతలతో పాటు పొరని లేపడానికి ఇంకొకరికి బిల్లు. మా నాన్న రెండూ ఒక్కడే చేసేవాడు, పైగా ఉచితంగా.

ఒకప్పుడు నాన్‌స్టిక్ పెనాలకి వేసే టెఫ్లాన్ పేరుతో టెఫ్లాన్ కోటింగ్ అని తెగ అంటగట్టేవారు. నేనూ వేయించాను, 2009లో. తర్వాత బుర్ర పనిచేసింది. ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర గానీ కరగదు. పెనాలకి దాన్ని కొలిమిలో కాల్చి పట్టిస్తారు. బానెట్ మీద గుడ్డతో రాస్తే పెనం మీద పట్టినట్టు పట్టడానికి అదేమైనా గంధమా?

ఇప్పుడు సిరామిక్ కోటింగ్, పెయింటు మీద రాస్తే ఆరి గట్టిపడే ద్రవం. దీన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. సరిగ్గా వేస్తే మైనంకన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది, నీళ్ళు చేమాకు మీద జారినట్టు జారతాయి, కడగడం సులువు. నాకు ఒళ్ళు మండేది "9హెచ్ కాఠిన్యం" అన్న మాట దగ్గర. వజ్రం పది, ఇది తొమ్మిది అన్నట్టు చెప్తారు. ఆ తొమ్మిది వజ్రాల కొలత కాదు, పెన్సిళ్ళది! హెచ్‌బీ, 2హెచ్ అని డ్రాయింగ్ పెన్సిళ్ళు ఉంటాయి కదా, వాటిలో బాగా గట్టిది 9హెచ్. దాంతో గీసినా గీత పడలేదని దాని అర్థం. రాయి సంగతి వేరు, సెల్లార్ బకెట్లో ఇసుక సంగతి వేరు. పైగా ఆ పూత మందం ఒకటి రెండు మైక్రాన్లు. అది వేసే ముందు "పెయింట్ కరెక్షన్" అంటూ మిషను పెట్టి క్లియర్ కోట్ తీస్తారు. కొన్ని షాపుల్లో పెట్టేదానికన్నా తీసేదే ఎక్కువ. పని మొదలుపెట్టే ముందు మందం కొలిచే మీటరు పెట్టి చూపించమని అడగండి. మొహం మాడ్చుకున్న షాపులోంచి బండి తీసుకుని వచ్చేయండి.

నేను అలా అడక్కుండా ఒకసారి ఇచ్చాను. నగరంలో ఓ షాపు, పేరు అనవసరం. నల్ల బండి. తిరిగొచ్చినప్పుడు అద్దమే. రెండు వేసవులు గడిచాక బానెట్ అంచు వెంబడి, మిషను ఎక్కువసేపు ఆగిన చోట, పొర పొలుసులుగా లేచింది, ఎండకి కాలిన చర్మం లేచినట్టు. పెయింటర్ దగ్గరికి తీసుకెళ్తే వేలితో తడిమి, "ఏమేం పూశారు సార్ దీనికి?" అన్నాడు. వాళ్ళ భయం వేరే. సిలికాన్ కలిసిన పాలిష్ ఏదైనా మిగిలిపోతే కొత్త పెయింటు అక్కడ నిలవదు. నా కళ్ళముందే జరిగింది. గన్ను కొట్టిన మరుక్షణం తడి రంగు గుండ్రంగా ముడుచుకుని, మధ్యలో చిన్న చిన్న గుంటలు. చేపకళ్ళు అంటాడు వాటిని. మళ్ళీ వాటర్ పేపరు, మళ్ళీ థిన్నర్, మళ్ళీ మొదటినుంచి. ఆ రోజు ఆయన తిట్టిన తిట్లు కంపెనీలనా నన్నా అన్నది నేను అడగలేదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. సెల్లార్ కుర్రాడికి నెల డబ్బులు మామూలే ఇస్తాను, అద్దాలు తప్ప ఏమీ ముట్టుకోవద్దన్నాను. వాడికి నేనో పిచ్చివాణ్ణి. దుమ్ముంటే ఉంటుంది, పొడి దుమ్ము ఊరికే కూర్చుంటే బండికి ఏమీ కాదు, దాన్ని గుడ్డతో ఈడిస్తేనే గీత. సిగ్నళ్ళ దగ్గర అమ్మే పసుపు గుడ్డలు, ఈకల బ్రష్షులు ఇంట్లోకి రానివ్వను. పది రోజులకోసారి ముందు ధారగా నీళ్ళు కొట్టి, ఆ తర్వాత రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. నీడలోనే. మా బోరు నీళ్ళు ఎండలో ఆరితే బొట్టు బొట్టుకీ తెల్ల ఉంగరం మిగులుతుంది. వ్యాక్సు వేసిన బండి మీద నీళ్ళు ముత్యాల్లా నిలిచాయని ఫొటోలు తీసుకుంటారు గానీ, బోరు నీళ్ళయితే ఆ ముత్యాలే మరకలు. కాకి రెట్ట కనబడితే అప్పటికప్పుడు తడిగుడ్డ కప్పి నానబెట్టి తీస్తాను. దసరాకి అమ్మ తన చేత్తో తెల్ల కారుకి పూసిన పసుపు బొట్టు మరక పడిందని మా తమ్ముడు కాంపౌండుకి ఇవ్వబోయాడు. పసుపు ఎండకి నిలవదు, చీర మీద పడితే ఎండలో వేస్తారు కదా, బండినీ నాలుగు రోజులు ఎండలో పెట్టు అన్నాను. పోయింది.

వ్యాక్సు మాత్రం ఎంత తరచుగా వేసుకున్నా ఫరవాలేదు, అది తీసేది కాదు కాబట్టి. వేసవిలో నెలకోసారి, పల్చగా. డబ్బా మీద మూడు నెలలని రాసినా మన ఎండకి నెలకన్నా ఎక్కువ నిలిచినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. గరుకు కాంపౌండు జోలికి ఆరేళ్ళుగా పోలేదు. బండి మీద గీతలున్నాయి. ఉండనీ.

మా అంబాసిడర్ గురించి ఒక్కటి చెప్పలేదు. దాని బానెట్ మధ్యలో నిలువునా ఒక గట్టు ఉండేది. గుడ్డ ఎప్పుడూ ఆ గట్టు మీదే గట్టిగా ఆనేది. 93 ప్రాంతానికి అక్కడ నీలం పూర్తిగా పోయి, రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ చారగా తేలింది. "ఎండకి పోయిందిరా" అన్నాడు నాన్న. ఆ చార మీదా ఆదివారం ఆదివారం పాలిష్ పెట్టేవాడు. ప్రైమర్ కూడా కాస్త మెరిసేది.

కిందటి నెల నాన్న హైదరాబాదు వచ్చాడు. షుగరు వచ్చాక ఆయన తినేది సింగిల్ పాలిష్ బియ్యం, సంచి కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున నేను సెల్లార్లో వ్యాక్సు పెడుతుంటే మెట్ల మీద కూర్చుని చూశాడు. ఓ పావుగంట ఓపిక పట్టాడు. తర్వాత లేచొచ్చి, నా చేతిలో గుడ్డ లాక్కుని, అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"తెల్లగానే ఉందిగా. ఏం రుద్దుతున్నావురా ఇంతసేపట్నుంచీ?"